క్లచ్ లేని బండి

విశాఖపట్నం నుంచి రెండు స్పోర్ట్స్ కార్లు ఘాట్ రోడ్డు ఎక్కి అరకు వచ్చాయి. ఎర్రది గేర్ల బండి, తెల్లది ఆటోమేటిక్. రెండింటి పొట్టా నేలకు జానెడు ఎత్తులో ఉంది. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరుకీ గీసుకుంటూ వచ్చాయని శ్రీకాంత్ వాపోయాడు. ఇతరులు మోజుపడి కొని, మోజు తీరాక వదిలించుకున్న ఖరీదైన బండ్లు అమ్మడం అతని వ్యాపారం. తాళాలు రెండూ రిసార్టు యజమాని కొడుకు మోహన్‌కృష్ణ చేతిలో పెట్టి, రెండు రోజులు తిప్పి చూసుకుని ఏదో ఒకటి ఖాయం చేసుకోమని చెప్పి, తనతో వచ్చిన రెండో డ్రైవరుతో కలిసి మధ్యాహ్నం బస్సుకు కొండ దిగిపోయాడు.

రిసార్టు డ్రైవరు సుక్రు బండ్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి టైర్లు చూశాడు. తలుపు తీసి లోపలికి తొంగి చూసి, ఇందులో కూచోవడం కాదు, పడుకోవాలేమో అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ కొండ మీద జీపు నడుపుతున్నవాడు. మోహన్‌కృష్ణకు పదహారో ఏట ఆ జీపు మీద స్టీరింగు పట్టడం నేర్పింది కూడా అతనే. ఆ చనువుతోనే మోహన్‌కృష్ణ అడిగాడు, ఏది కొనమంటావని.

"గేర్ల బండే బాబూ," అన్నాడు సుక్రు. "ఎక్కడానికి ఏ బండైనా ఎక్కుతాది. దిగడానికే గేరు కావాల. సెకండ్ గేర్లో ఎట్టినామంటే ఇంజనే బండిని పట్టుకుంటాది. ఈ తెల్లదాన్ని ఏటి పట్టుకుంటాది? బ్రేకు ఒక్కటే గదా."

మోహన్‌కృష్ణ నవ్వాడు. గేర్లు మార్చుకుంటూ కూచోవడం పాతకాలం వాళ్ళ పని అన్నాడు. ఆటోమేటిక్‌లో ఎడమకాలికి పని లేదు, ఎడమచేతికి పని లేదు, ఆ చేత్తో హాయిగా ఫోను పట్టుకోవచ్చు అన్నాడు. కాలూ చెయ్యీ ఖాళీగా ఉండే బండి మీద అతనికి మనసు పోవడంలో వింత లేదు. ముప్పై ఏళ్ళు వచ్చినా అవి ఇంతవరకు పెద్దగా పని చేసింది లేదు. సుక్రు తెరిచిన తలుపు మూసేశాడు. కొనేది ఆయన, తోలుకునేది ఆయన, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

అయినా తండ్రి భాస్కరరావు ఊరుకోలేదు. రెండూ ఘాట్‌లో దింపి చూడందే ఏ బండికీ ఒప్పుకోనన్నాడు. మంగళవారం పొద్దున్న, టూరిస్టు బస్సులు రాకముందే, ఎర్రది సుక్రు, తెల్లది మోహన్‌కృష్ణ అనంతగిరి దాటేదాకా నడిపి వెనక్కి రావాలని ఏర్పాటు. బయల్దేరేటప్పుడు భాస్కరరావు మెట్ల మీద నిలబడి, చెక్‌పోస్టు దాకా మాత్రం పోవద్దని కొడుకుని రెండుసార్లు హెచ్చరించాడు. మూడు నెలల కిందట విశాఖలో తాగి నడుపుతూ దొరికినందుకు మోహన్‌కృష్ణ లైసెన్సు సస్పెండయి ఉంది. ఆరోజు మాత్రం అతను తాగలేదు. ఆ మాట చెప్పుకోవాలి కదా, చెబుతున్నాను.

కాఫీ తోటల మీద మంచు ఇంకా విడలేదు. రాత్రి కురిసిన జల్లుకి సిల్వర్ ఓక్ ఆకులు తడిసి రోడ్డుకి అతుక్కుని ఉన్నాయి. తెల్లబండి ముందు పోతోంది. సుక్రు ఎర్రబండిలో కొంచెం వెనకగా వస్తున్నాడు. మొదట్లో భయపడ్డాడు గాని, రెండు మలుపులు దాటేసరికి ఆ బండి అతని కాలికి వశమయింది. క్లచ్ మెత్తగా ఉంది. మలుపుకి ముందే గేరు దింపితే ఇంజను గొంతు పెంచి బండిని వెనక్కి లాగి పట్టుకుంటోంది. ఇంత మంచి బండి ఇంతవరకు నడపలేదు. జన్మలో మళ్ళీ నడుపుతానో లేదో అనుకుని, ప్రతి మలుపులోనూ హారను కొట్టి, తన ఒక్కడి కోసమే నడుపుతున్నట్టు నడిపాడు. మనిషికి అలాంటి గంట జీవితంలో ఒకసారి దొరుకుతుంది. అతనికి అది ఇరవై నిమిషాలే దొరికింది.

ముందుపోతున్న తెల్లబండి వెనక దీపాలు ఆరడం లేదని అతనికి తోచింది. మలుపుల్లో వెలుగుతున్నాయి, తిన్నటి రోడ్డు మీదా వెలుగుతున్నాయి. అంటే మోహన్‌కృష్ణ కాలు బ్రేకు మీద నుంచి తియ్యడం లేదు. కాసేపటికి కిటికీలోంచి బ్రేకులు మాడుతున్న వాసన వచ్చింది. సుక్రు ఆపమని హారను కొట్టాడు. పందెమనుకున్నాడో ఏమో, తెల్లబండి ఇంకా వేగంగా పోయింది.

ఆ కింది మలుపులో ఒక ముసలాయన సీతాఫలాల కావిడి భుజం మార్చుకుంటూ పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాడు. బండి మలుపు తిరగలేదు. అడ్డంగా జారి, వెనకభాగంతో ఆయన్ని గోడకేసి కొట్టి ఆగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. కాయలు మాత్రం చాలాసేపు రోడ్డు మీద దొర్లుతూ పోయాయి.

సుక్రు దిగి పరుగెత్తాడు. ముసలాయన గాసి, సుక్రుకి వరసకు బావ. రెండు కొండల అవతలి గూడెం ఆయనది. పక్కటెముకల దగ్గర చొక్కా లోపలికి పోయి ఉంది. మోహన్‌కృష్ణ స్టీరింగు వదలకుండా, అద్దం కూడా దించకుండా కూచున్నాడు. సుక్రు తలుపు తెరిచి పిలిస్తే, నువ్వు తీసుకెళ్ళు, నువ్వు తీసుకెళ్ళు అని రెండుసార్లు అన్నాడు.

సుక్రు గాసిని ఎత్తుకుని ఎర్రబండి రెండో సీటులో పడుకోబెట్టి, తన తువ్వాలుతో బెల్టుకి ఆనించి కట్టాడు. కింద శృంగవరపుకోట ఆసుపత్రికి బండి దించాడు. బ్రేకు వేస్తే మనిషి ముందుకి తూలుతాడు. అందుకని బ్రేకు తొక్కకుండా, ఒక్కో మలుపూ గేరు మీదే దించాడు. కుడిచేత్తో స్టీరింగు, గేరు మార్చిన ప్రతిసారీ ఎడమచేత్తో బావ రొమ్ము మీద తట్టడం.

"కావిడి రోడ్డు మీద ఉండిపోనాది," అన్నాడు గాసి ఒకసారి.

"నాను సూత్తాను బావా. పడుకో."

కొండ దిగకముందే ఆయన ప్రాణం పోయింది. ఏ మలుపులో పోయిందో సుక్రుకి తెలియలేదు. ఆసుపత్రి ముందు తువ్వాలు ముడి విప్పేదాకా సెకండ్ గేర్లోనే ఉన్నాడు.

*

ఆ సాయంత్రం భాస్కరరావు తన చేత్తో టీ గ్లాసు తెచ్చి సుక్రుకి ఇచ్చాడు. ఇన్నేళ్ళలో అలా ఇవ్వడం అదే మొదలు. 

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇరవై గదుల ఆ రిసార్టు నిలబడి ఉన్న రెండెకరాలూ కాగితాల మీద సుక్రువే. ఏజెన్సీలో గిరిజనుడు కానివాడి పేర భూమి ఉండకూడదని చట్టం. అందుకని అనకాపల్లి నుంచి వచ్చిన భాస్కరరావు పేర అంగుళం కూడా లేదు. కరెంటు మీటరు సుక్రు పేర, గదుల లైసెన్సు సుక్రు పేర. బతుకు మాత్రం వెనకాల రేకుల గదిలో. సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టాడు. ఈ కొండల్లో ఇలా పేరు అరువిచ్చినవాళ్ళు గూడేనికొకరు ఉంటారు. పేరే కదా, అరిగిపోతుందా అనుకుంటారు.

భాస్కరరావు గొంతు పెంచే మనిషి కాదు. ఎదురుగా స్టూలు మీద కూచుని, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"యాక్సిడెంటు కేసురా ఇది. ఎవడి మీదున్నా పోయినవాడు తిరిగిరాడు. నీకు లైసెన్సుంది, నీమీదైతే స్టేషన్లోనే బెయిలు. మావాడికి లైసెన్సు లేదు, పైగా పాత కేసుంది. వాడు లోపలికి పోతాడు. వాడు పోయాడంటే పేపర్లో వస్తుంది. అరకులో రిసార్టు ఎవరిదని పైవాళ్ళు అడుగుతారు. అడిగితే ఎవరి పేరు బయటికొస్తుంది? నాదా?"

సుక్రు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూచున్నాడు. ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఒక్కటీ చదివింది లేదు. వాటిలో ఏ కాగితం తన మెడకి చుట్టుకుంటుందో తెలియనప్పుడు అన్నింటికీ భయపడడమే మిగులుతుంది. భయమేసింది అతనికి, ఉన్నమాట. పిల్లిలా కూచున్నాడు. సరేననలేదు, కాదనలేదు. భాస్కరరావు దాన్ని సరే కింద రాసుకుని, ఖాళీ గ్లాసు తనే తీసుకుని లేచాడు.

ఎస్సై గంటలో వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించుకుని కాగితాలు తీసి, తెల్లబండి నువ్వే నడిపావా అని అడిగాడు. సుక్రు తల ఊపాడు. మలుపులో ఎలా దిగావు, చెప్పు అన్నాడు. సుక్రు నేలకేసి చూస్తూ, ఘాట్ డ్రైవర్లు ఇరవై ఏళ్ళుగా ఏ పోలీసు ఆపినా అప్పజెప్పే మాటే అప్పజెప్పాడు.

"సెకండ్ గేర్లోనే దిగినాను బాబూ. న్యూట్రల్ ఎయ్యనేదు. మలుపు ముందల హారను కొట్టినాను."

ఎస్సై పెన్ను ఆగింది.  తెల్లబండికి సెకండ్ గేరు ఎక్కడిది? ఎస్సై సుక్రుని చూశాడు, భాస్కరరావుని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ మోహన్‌కృష్ణని చూశాడు. ఆ ఒక్క మాటతో ఆయనకి అంతా అర్థమయింది. సుక్రుకీ అర్థమయింది. నోరు జారినందుకు భయం వేసింది గాని, దాని వెనకే చిన్న ఊరట కూడా కలిగింది. పోనీ, తెలిసిపోయింది కదా అనుకున్నాడు.

ఎస్సై ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వేరే కాగితం తీశాడు. దాని మీద తనే రాసుకుపోయాడు, మధ్యలో ఏమీ అడగలేదు. సంతకం చేయించుకుని లేస్తూ భాస్కరరావుతో మెల్లగా అన్నాడు. శుక్రవారం మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వస్తాడట. బ్రేకులు చూస్తాడు, డ్రైవరుని పక్కన కూచోబెట్టుకుని అదే మలుపులో నడిపించి చూస్తాడు. ఆయన మాట వినే మనిషి కాదు, ఉన్నది రాసే మనిషి. ఈలోగా వీడికి ఆటోమేటిక్ నేర్పించండి అన్నాడు.

*

గాసిని బుధవారం పొద్దున్న గూడెం పక్కనే మట్టి చేశారు. సుక్రు వెనకగా నిలబడ్డాడు. గాసి కూతురు రత్నాలు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. నాన్నని బండిలో కట్టుకుని కొండ దించింది మావే అని మాత్రం ఎవరో చెప్పారు.

"ఆకర్న ఏటన్నాడు మావా?" అని అడిగింది.

కావిడి గురించి అన్నాడని చెప్పాడు సుక్రు. రత్నాలు అప్పుడు ఏడ్చింది. అంతసేపూ ఏడవలేదట. కళ్ళు తుడుచుకుని, నువ్వు కాబట్టి ఎత్తుకున్నావు, మరొకడైతే రోడ్డు మీదే వదిలేసేవాడు అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అప్పుడే చెప్పెయ్యవలసింది. చెప్పలేదు. జనం ఉన్నారనుకున్నాడు, సమయం కాదనుకున్నాడు. చెప్పదలుచుకోనివాడికి ఎప్పుడూ సమయం కాదు.

మధ్యాహ్నం నుంచి రిసార్టు వెనక మైదానంలో నేర్పడం మొదలయింది. దెబ్బతిన్న తెల్లబండిని ఎస్సై భాస్కరరావు దగ్గరే ఉంచాడు, ఎలా ఉంచాడని అడగవద్దు. మోహన్‌కృష్ణ పక్కన కూచున్నాడు. పెడళ్ళు రెండే, వెడల్పుది బ్రేకు, సన్నది ఆక్సిలరేటరు. రెండూ కుడికాలివే. మీట 'డి' మీద పెట్టి వదిలెయ్యడమే, బండి దానంతట అది పోతుంది అన్నాడు.

బండి కదిలింది. గేరు మార్చవలసిన చోట సుక్రు ఎడమకాలు లేచి, క్లచ్ ఉండవలసిన చోటుకి బలంగా దిగింది. అక్కడ ఉన్నది వెడల్పాటి బ్రేకు. బండి నిలువునా ఆగిపోయింది. మోహన్‌కృష్ణ తల ముందుకి కొట్టుకుంది. బూతు తిట్టి, మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే అయింది. ఇరవై రెండేళ్ళు అనుకున్నప్పుడల్లా తొక్కిన కాలు, చెప్పగానే మానుతుందా? సాయంత్రానికి మోహన్‌కృష్ణ విసిగిపోయి, ఆ కాలు లేదనుకో, నరికేశారనుకో అన్నాడు.

గురువారం సుక్రు ఎడమకాలు మడిచి సీటు కిందకు తోసేసి నడిపాడు. మడమ సీటుకి ఆనించి అక్కడే నొక్కిపెట్టాడు. పది చుట్లు తిరిగేసరికి కాలు లొంగింది. మధ్యాహ్నానికి మైదానంలో వేగంగా పోయి, గీత దగ్గర మెత్తగా ఆపగలిగాడు. మోహన్‌కృష్ణ వీపు తట్టాడు. రేపు ఇదే చెయ్యి చాలు అన్నాడు.

గదికి వస్తే భార్య రాజకుమారి గుమ్మంలో రాగులు చెరుగుతోంది. ఊరంతా తెలిసిపోయింది. సుక్రే గుద్దాడని, ఒప్పుకుని సంతకం పెట్టాడని పోలీసులే చెప్పారట. గాసి గూడెం వాళ్ళు ఉమ్మేస్తున్నారట. ఒక్క రత్నాలు మాత్రం నమ్మడం లేదట.

"ఆ గుంటకి ఎవులెంత సెప్పినా ఇనట్నేదు," అంది రాజకుమారి. "మా మావ అలాటోడు కాడు, బాబులే ఇరికించినారంటంది. రేపు ఆ మలుపుకాడికి వత్తాదంట." చేట కింద పెట్టి అతనికేసి చూసింది. "నీకు నోరు నేదా? సెప్పొచ్చు గదా."

"నోటితో సెప్తే బాబుగారికి ఎదురుతిరిగినట్టే. పేరు నాది, కాయితాలు నాయి. తిప్పి నా మీదకే ఏస్తారు." ఎడమకాలు చేత్తో తడుముకున్నాడు. "కాలు సెప్తాది. ఆ బండి నాను తోలినోడిని కాదని కాలే సెప్తే ఎవులు అడ్డెడతారు?"

రాజకుమారికి అర్థం కాలేదు. సుక్రు విడమరిచి చెప్పాడు. రేపు ఇన్‌స్పెక్టరు పక్కన ఉండగా నిన్నటి కాలుని బయటికి తీస్తాడు. క్లచ్ కోసం వెతికిస్తాడు. ఉన్నది రాసే మనిషంటున్నారు కదా, ఈ బండి తెలియని వాడు కొండ మీద ఇంతదూరం ఎలా దించాడని ఆయనకే తోస్తుంది. తను నోరు విప్పనట్టే ఉంటుంది, నిజం బయటపడినట్టే ఉంటుంది.  రాజకుమారి మళ్ళీ చేట అందుకుంది.

ఆ రాత్రి సుక్రు నిద్రపట్టక దొర్లలేదు, హాయిగా పడుకున్నాడు. తెలివైన పని చేస్తున్నానని అతనికి నమ్మకం. మన తెలివి మీద మనకి నమ్మకం కుదిరిన రోజే భయపడాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

*

శుక్రవారం అరకు సంత. పసుపు, అల్లం, కోళ్ళు మోసుకుని జనం ఘాట్ రోడ్డు మీద పోతూ, మలుపులో పోలీసు జీపు చూసి ఆగారు. పిట్టగోడ మీద రత్నాలు కూచుని ఉంది. పక్కన గాసి గూడెం వాళ్ళు పదిమంది నిలబడ్డారు. ఒకరిద్దరు సుక్రుని చూసి మొహం తిప్పుకున్నారు. రత్నాలు తిప్పుకోలేదు. అతను బండి ఎక్కేదాకా అతని కాళ్ళకేసే చూసింది.

ఇన్‌స్పెక్టరు యాభై దాటిన మనిషి. కారియర్లో తెచ్చుకున్న అన్నం తినకముందే పని ముగించాలనుకునే రకం. భాస్కరరావు కుర్చీ వేయించబోతే వద్దన్నాడు, కొబ్బరిబోండం ఇవ్వబోతే వద్దన్నాడు. బండి కింద పడుకుని టార్చితో చూశాడు. బ్రేకు ప్యాడ్లు గీరి వాసన చూశాడు. చక్రాలు తిప్పాడు. ప్రతిదీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇలాంటి మనిషి దొరకడం తన అదృష్టమని సుక్రు అనుకున్నాడు.

ఇద్దరూ బండి ఎక్కారు. మలుపు పైనుంచి దింపి, రత్నాలు కూచున్న చోటుకి ముందు ఆపమన్నాడు ఇన్‌స్పెక్టరు. సుక్రు మీట 'డి' మీద పెట్టాడు. ఎడమకాలు సీటు కింద మడిచి ఉంది, నిన్న నేర్చిన కాలు. బండి కొండవాలుకి మెల్లగా జారడం మొదలుపెట్టింది. సుక్రు కాలు బయటికి తీశాడు.

లేని క్లచ్‌ని బలంగా తొక్కాడు. బండి కీచుమని నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ డాష్‌బోర్డుకి ఆనించుకున్నాడు. సుక్రు చెయ్యి లేని గేర్ల కోసం మీట పట్టి ఇటూ అటూ లాగింది. మళ్ళీ కదిపాడు, మళ్ళీ తొక్కాడు. మూడోసారి కుడికాలు కూడా తడబడింది. అది మాత్రం వేషం కాదు. అన్నీ కలిసి కాళ్ళు గందరగోళపడి, బండి ఒక్కసారి ముందుకు దూకి గోడకి రెండడుగుల దూరంలో ఆగింది. గోడ మీద జనం కెవ్వుమని దిగి పరుగెత్తారు. రత్నాలు దిగి నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావు బాబూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో కోపం లేదు.

"ఇరవై రెండేళ్ళండి. జీపు."

"అన్నీ గేర్ల బండ్లేనా?"

"గేర్లేనండి. ఇలాటిది ఎప్పుడూ నేదండి."

ఇన్‌స్పెక్టరు జాలిగా తల ఊపాడు. సుక్రుకి గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. మూడు రోజుల తరవాత మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకున్నాడు. కిటికీలోంచి రత్నాలుకేసి చూశాడు. ఆమె మొహం అతనికి సరిగా కనపడలేదు.

ఇన్‌స్పెక్టరు దిగి, బానెట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాశాడు. రాశాక ఎస్సైకి వినపడేలా చదివాడు. బండిలో యంత్రలోపం లేదు. డ్రైవరు చాలాకాలంగా గేర్ల బండికి అలవాటుపడినవాడు, ఆటోమేటిక్ నడపడం తెలియదు. క్లచ్ అనుకుని ఒక పెడలు, కంగారులో మరొక పెడలు తొక్కుతున్నట్టు పరీక్షలో స్వయంగా గమనించాను. ప్రమాదానికి కారణం అదే.

చదివి, ఒక కామా సరిచేశాడు. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు. కళ్ళముందు జరిగింది జరిగినట్టు రాశాడు.

సుక్రుకి మొదట అర్థం కాలేదు. ఎస్సై మొహంలో సంబరం చూశాక అర్థమయింది. భాస్కరరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఎదురుగా జీపులో కూచున్న మోహన్‌కృష్ణ చెయ్యి ఊపి పిలిచి, నువ్వన్నదే నిజం సుక్రూ, గేర్ల బండే నయం, ఎర్రది తీసుకుంటామని శ్రీకాంత్‌కి ఫోన్ చేస్తున్నా అన్నాడు. సీటు కడిగించమని కూడా అన్నాడు.

సంతజనం కావిళ్ళు ఎత్తుకుని కదిలారు. రత్నాలు కదలలేదు. రోడ్డు దాటి సుక్రు ముందుకి వచ్చి నిలబడింది. ఊళ్ళో అంతమంది చెప్పినా, పోలీసులు కాగితం చూపించినా నమ్మని పిల్ల.

"రానోడివి ఎందుకు తోలినావు మావా?"

అరవలేదు. తిట్టలేదు. తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. సుక్రు భాస్కరరావుకేసి చూడలేదు, కాగితాల గురించి ఆలోచించలేదు. ఆ మాట నోటివెంట ఇంత తేలిగ్గా వస్తుందని అతనికి తెలియదు.

"ఆ బండి నాను తోలనేదమ్మా. మీ నాన్నని గుద్దింది చినబాబు. నాను ఎనకాల ఎర్రబండిలో ఉన్నాను."

రత్నాలు అతని మొహంలోకి చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కూడా అబద్దమేనా? ఇక్కడే కూకున్నాను గదా మావా. నా కల్లతో సూసినాను."

ఆమె వెనక్కి తిరిగి తనవాళ్ళ వెంట కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఎస్సై సంతకం కోసం సుక్రుని రెండోసారి పిలిచాడు.